సెల్లార్‌లో బరువు మోసే గోడ తీయాలంటే: కర్నూలు ఇళ్లకు ఒక సమగ్ర మార్గదర్శి

కర్నూలులో సెల్లార్ ఉన్న పాత ఇళ్లలో ఒకే వరస కనిపిస్తుంది. కట్టిన రోజుల్లో ధాన్యం మూటలకో, దుకాణం సరుకుకో అక్కరకొస్తుందని తవ్వించారు. నడిమధ్యలో ఒక గోడ పెట్టి రెండు గదులు చేశారు. ఇప్పుడు ఆ ఇంట్లో మనవళ్ల తరానికి ట్యూషన్ చెప్పుకునే హాలు కావాలి, లేదా ఎండాకాలం మధ్యాహ్నాలు చల్లగా కూర్చోవడానికి పెద్ద గది కావాలి. మధ్య గోడ అడ్డం. బేల్దారి మేస్త్రీని పిలిస్తే చూసి, "ఏముంది సార్, రెండు రోజుల్లో లేపేస్తాం" అంటాడు.

అతను చెప్పింది అబద్ధం కాదు. గోడ పగలగొట్టడానికి రెండు రోజులు చాలు. ఆ గోడ మోస్తున్న బరువును ముందుగా ఇంకోదాని మీదికి ఎక్కించి, అది తిన్నగా నేలలోకి దిగేలా చేయడానికి మాత్రం నెలన్నర పడుతుంది. కింద రాసినదంతా ఆ నెలన్నర గురించే. పని వరుస తెలిస్తే ఇంజినీరును ఏం అడగాలో, మేస్త్రీని ఎక్కడ ఆపాలో మీకు తెలుస్తుంది. లెక్కలు మాత్రం మీ ఇంటికి వచ్చి చూసిన స్ట్రక్చరల్ ఇంజినీరే వేయాలి. ఇక్కడ ఇచ్చిన అంకెలు కేవలం ఉదాహరణకు.

అడుగు 1: ఆ గోడ మోస్తోందా, ఊరికే నిలబడిందా

తొమ్మిది అంగుళాల గోడ మోస్తుంది, నాలుగున్నర అంగుళాల గోడ మోయదు అని చాలామంది అనుకుంటారు. ఇది సగమే నిజం. పిల్లర్లు, భీములు ఉన్న ఇంట్లో తొమ్మిది అంగుళాల గోడ కూడా ఖాళీ పూడ్చడానికి కట్టినదే కావచ్చు. పిల్లర్లు లేని పాత ఇంట్లో నాలుగున్నర అంగుళాల గోడ మీద కూడా స్లాబ్ కూర్చుని ఉండవచ్చు. మందం ఒక్కటే చూసి ఏదీ తేల్చకండి.

ముందు పైకి వెళ్లండి. సెల్లార్ గోడకు సరిగ్గా పైన, గ్రౌండ్ ఫ్లోర్‌లో కూడా గోడ ఉందా? టేపు పట్టి బయటి గోడ నుంచి దూరం కొలిచి, కింద కూడా అంతే వస్తుందేమో చూడండి. రెండూ ఒకే వరసలో ఉంటే కింది గోడ మోస్తోందనే అనుకోవాలి. మేడ మీద వాటర్ ట్యాంకు ఎక్కడుందో కూడా చూడండి. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే నీళ్ల బరువే ఒక టన్ను. అది ఈ గోడ వరసలోనే ఉంటే లెక్క మారుతుంది.

తర్వాత స్లాబ్. గది పొడవు వెడల్పుకు రెండింతలు దాటితే స్లాబ్‌లో మెయిన్ కడ్డీలు పొట్టి వైపుకు నడుస్తాయి, బరువంతా ఎదురెదురుగా ఉన్న పొడుగు గోడల మీదికి పోతుంది. గది చదరానికి దగ్గరగా ఉంటే నాలుగు గోడలూ పంచుకుంటాయి. పాత ఇళ్లలో సెల్లార్ పైన స్లాబ్ లేకుండా దంతెలు (అడ్డ దూలాలు) వేసి, వాటి మీద బండలు పరచి, పైన సున్నపు గచ్చు చేసి ఉంటుంది. అక్కడ పని తేలిక: దంతె కొస ఏ గోడలోకి దూరిందో కంటికే కనిపిస్తుంది.

అన్నిటికన్నా గట్టి సాక్ష్యం గోడ నెత్తి దగ్గర దొరుకుతుంది. గోడ, స్లాబ్ కలిసే చోట అరచెయ్యంత మేర ప్లాస్టరింగ్ ఉలితో మెల్లగా గీకించండి. టార్చి వేసి దగ్గరగా చూడండి. స్లాబ్ కాంక్రీటు పాలు పై వరస ఇటుకల సందుల్లోకి జారి గట్టిపడి ఉంటే, ఆ గోడ మీదే స్లాబ్ పోశారన్నమాట, గోడ మోస్తోంది. అలా కాకుండా స్లాబ్ అడుగున సెంట్రింగ్ (కాంక్రీటు పోయడానికి కింద కట్టే అచ్చు) చెక్క గీతలు నున్నగా కనిపించి, దాని కింద వేరే రంగు సిమెంటు మాలు కుక్కి ఉంటే, స్లాబ్ పోసి సెంట్రింగ్ విప్పిన తర్వాత కట్టిన గోడ అది. అప్పుడు కూడా వెంటనే సంబరపడొద్దు. ఏళ్ల తరబడి స్లాబ్ కొంచెం కుంగి, ఆ గోడ మీద ఆనుకుని ఉండవచ్చు. అనుమానం తీరకపోతే ఇంజినీరు కడ్డీల లొకేటర్‌తో చూస్తాడు.

భీము లేకుండా గోడ తీస్తే ఏమవుతుందో ఒకసారి ఆలోచించండి. స్లాబ్ దాటాల్సిన దూరం రెండింతలవుతుంది. దూరం రెండింతలైతే వంపు ఒత్తిడి నాలుగింతలవుతుంది, కుంగడం కనీసం పదహారింతలు. పైగా మధ్య గోడ దగ్గరికి వచ్చేసరికి కడ్డీలకు క్రాంకు కొట్టి పైకి తిప్పి ఉంటారు, ఎందుకంటే అక్కడ లాగుడు స్లాబ్ పైభాగంలో ఉంటుంది. గోడ పోతే లాగుడు అడుగుభాగానికి మారుతుంది, అక్కడ ఇనుము తక్కువ. "మా పక్కింటాయన తీయించాడు, ఏమీ కాలేదు" అని చెప్పేవాళ్లు ఉంటారు. ఆ ఇంటి గోడ మోయనిదై ఉంటుంది, లేదా స్లాబ్ ఇంకా సమయం తీసుకుంటోంది.

అడుగు 2: సెల్లార్ గోడకు ఉన్న రెండో పని

నేల మీద కట్టిన గోడకు, సెల్లార్ గోడకు తేడా ఇక్కడే. చాలామంది మేస్త్రీలు దీన్ని పట్టించుకోరు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

సెల్లార్ బయటి గోడల వెనక మట్టి ఉంటుంది. అది నిరంతరం లోపలికి నెడుతూ ఉంటుంది. పది అడుగుల లోతు సెల్లార్‌లో మట్టి పొడిగా ఉన్నప్పుడే, గోడ పొడవున ప్రతి మీటరుకూ సుమారు రెండున్నర నుంచి మూడు టన్నుల నెట్టుడు ఉంటుంది. మట్టి పైదాకా నీళ్లు పడితే అది దాదాపు రెండింతలవుతుంది. మీ మధ్య గోడ ఒక కొస వెళ్లి ఆ బయటి గోడకు తగులుతూ ఉంటే, అది నెట్టుడుకు అడ్డంగా నిలబడిన ఆసరా. పైన బరువు మోయడం ఒక పనైతే, పక్క నుంచి వచ్చే మట్టిని ఆపడంలో సాయపడటం రెండోది. గోడ బదులు స్లాబ్ కింద ఉక్కు దూలం, అంటే గర్డరు, వేస్తే మొదటి పని తీరుతుంది. రెండో పని మిగిలిపోతుంది.

బయటి గోడ ఆర్‌సీసీతో, సరైన ఇనుముతో పోసినదైతే మధ్య గోడ సాయం లేకుండా నిలబడవచ్చు. రాళ్లతో కట్టినదైతే, అందులోనూ మట్టి మాలుతోనో సున్నంతోనో కట్టినదైతే, మధ్య గోడను పూర్తిగా తీయడం గురించి మర్చిపోండి. బయటి గోడ వైపు రెండు మూడు అడుగుల ముక్కను గోడకు పక్కటెముకలా వదిలేసి, మిగతాది తీయడం చాలా ఇళ్లలో సరిపోయే దారి. ఆ ముక్క ఎంత ఉండాలి, దానికి ఆర్‌సీసీ తొడుగు వేయాలా అన్నది ఇంజినీరు లెక్క.

బయటి గోడ మీద అడ్డంగా, సగం ఎత్తులో పొడవాటి నెర్రె ఉందా? గుండు వేలాడదీసి చూస్తే గోడ పొట్ట లోపలికి వచ్చిందా? ఈ రెండిట్లో ఏది ఉన్నా మధ్య గోడ జోలికి వెళ్లొద్దు, ముందు బయటి గోడ సంగతి చూడాలి.

కర్నూలుకు ఇంకో లెక్క ఉంది. తుంగభద్ర, హంద్రీ కలిసేచోట ఉన్న ఊరు, మధ్యలో కేసీ కాలువ. 2009 అక్టోబరు 2న వరద ఊళ్లోకి వచ్చినప్పుడు పల్లపు ప్రాంతాల సెల్లార్లు నిండా మునిగాయి. మీ సెల్లార్ కూడా అప్పుడు మునిగిందంటే, కింది వరసల్లో మాలు కొట్టుకుపోయిందా, ఇటుకలు పొడి రాలుతున్నాయా, స్లాబ్ అడుగున కడ్డీల తుప్పు పొంగి పెచ్చులు ఊడాయా చూపించండి. అలాంటి స్లాబ్‌కు ముందు మరమ్మతు, ఆ తర్వాతే గోడ పని. పనికి మంచి కాలం ఫిబ్రవరి నుంచి మే నెల దాకా. అప్పుడు మట్టి పొడిగా ఉంటుంది, కాలువ ఊట తక్కువ. జూలైలో మొదలుపెడతామంటే నేనైతే వద్దంటాను.

అడుగు 3: బరువు ఎంతో తెలుసుకోవడం

ఉదాహరణకు సెల్లార్, దాని మీద గ్రౌండ్ ఫ్లోర్ మాత్రమే ఉన్న ఇల్లు. మధ్య గోడకు అటూ ఇటూ 12 అడుగుల గదులు. రెండు వైపుల నుంచీ చెరి సగం లెక్కన, సుమారు 3.6 మీటర్ల వెడల్పు స్లాబ్ బరువు ఈ గోడ మీదికి వస్తుంది.

అయిదు అంగుళాల ఆర్‌సీసీ స్లాబ్ చదరపు మీటరుకు 310 కిలోలు. పైన మాలు వేసి పరచిన బేతంచెర్ల బండలు ఇంకో 120 కిలోలు అనుకోండి. మనుషులకు, సామానుకు ఇళ్లకైతే 200 కిలోలు పట్టుకోవాలని ఐఎస్ 875 (కట్టడాల మీది బరువులకు భారతీయ ప్రమాణం) చెబుతుంది. మొత్తం 630. దాన్ని 3.6తో గుణిస్తే మీటరు పొడవుకు 2.3 టన్నులు. పైనున్న తొమ్మిది అంగుళాల గోడ, పది అడుగుల ఎత్తు, ప్లాస్టరింగ్‌తో కలిపి మీటరుకు 1.5 టన్నులు. మేడ స్లాబ్, దాని మీద వాటర్‌ప్రూఫింగ్ మాలు, మేడ మీద తిరిగే బరువు కలిపి 2.4 టన్నులు. అంతా కూడితే మీటరుకు ఆరు టన్నులు దాటుతుంది. పైన ఇంకో అంతస్తు ఉంటే పది దగ్గరికి చేరుతుంది.

పది అడుగుల గోడ తీస్తే, అంటే మూడు మీటర్లకు, 18 టన్నులు. గర్డరు ఒక్కో కొస మీద 9 టన్నులు. ఈ అంకె గుర్తుంచుకోండి, తర్వాత పనంతా దీని చుట్టే తిరుగుతుంది.

ఈ ఉదాహరణకు ఐఎస్‌ఎంబి 300 (ఐ ఆకారం, 300 మిల్లీమీటర్ల ఎత్తు) గర్డరు గానీ, వీపులు కలిపి ఒక గర్డరులా వాడే రెండు ఐఎస్‌ఎంసి 250 (సి ఆకారం, 250 మిల్లీమీటర్ల ఎత్తు) చానళ్లు గానీ లెక్కకు వస్తాయి. ఐఎస్‌ఎంబి 250 ఒక్కటి చాలదు. ఐఎస్‌ఎంబి 300 వేసినా మధ్యలో దాదాపు 5 మిల్లీమీటర్లు కుంగుతుంది. ఉక్కుకు అది మామూలే, పైన ఉన్న టైల్స్‌కు, గోడ ప్లాస్టరింగ్‌కు మాత్రం ఆ 5 మిల్లీమీటర్లు నెర్రెగా కనబడతాయి. దాన్ని ఎలా తగ్గించాలో గర్డరు ఎక్కించే దగ్గర చెప్తాను.

గుజిరీలో దొరికే పాత గర్డర్లు, పాత రైలు పట్టాలు సగం ధరకు వస్తాయని ఎవరో ఒకరు చెప్తారు. తుప్పు పట్టి మందం ఎంత తగ్గిందో, మధ్యలో ఎక్కడ కోసి అతికించారో పైకి తెలియదు. ఇంటి మొత్తానికి ఈ ఒక్క ముక్కే ఆధారం కాబట్టి కొత్తది, టెస్ట్ సర్టిఫికెట్ ఉన్నది కొనండి.

గర్డరా, ఆర్‌సీసీ భీమా? ఉన్న స్లాబ్ కింద భీము పోయడం చెప్పినంత తేలిక కాదు. కాంక్రీటు స్లాబ్ అడుగుదాకా నిండదు, ఆరాక ముడుచుకుని సందు వదులుతుంది. ఆ సందు అంతా స్లాబ్ కిందికి దిగుతుంది. అందుకే ఈ పనికి ఉక్కుకే నా ఓటు. తల తగిలే సమస్య మాత్రం ఉంది: ఎనిమిదిన్నర అడుగుల సెల్లార్‌లో అడుగు లోతు గర్డరు, దాని తొడుగు పోను కింద ఏడడుగులు మిగులుతుంది.

అడుగు 4: కాగితాలు

ఇంజినీరు దగ్గర నోటిమాట సరిపోదు. గర్డరు సైజు, కొసల కింద పెట్టే కాంక్రీటు దిమ్మె లేదా పిల్లరు వివరాలు, ఫుటింగ్ (పిల్లరు కింది పునాది) కొలతలు, పని జరిగినన్నాళ్లూ స్లాబ్‌ను మోసే జాకీలు ఎక్కడెక్కడ ఎన్ని, ఏది ముందు ఏది వెనక అన్న వరుస, ఇవన్నీ డ్రాయింగ్ మీద సంతకంతో ఉండాలి. జాకీల డ్రాయింగ్ ఇవ్వని ఇంజినీరు సగం పనే చేసినట్టు.

గోడ తీయడం ఇంటి నిర్మాణాన్ని మార్చడమే కాబట్టి ఆంధ్రప్రదేశ్ బిల్డింగ్ రూల్స్ 2017 కింద అనుమతి విషయం కార్పొరేషన్ టౌన్ ప్లానింగ్‌లో ముందే అడగండి. మీ ప్లాన్‌లో సెల్లార్‌ను పార్కింగ్‌గా చూపించి ఉంటే, దాన్ని హాలుగా మార్చడం వేరే ప్రశ్న. అది తేలకుండా డబ్బు పెట్టకండి. పాతబస్తీలో పక్కింటితో ఉమ్మడి గోడ ఉంటే వాళ్లకు చెప్పి, వాళ్ల గోడల ఫోటోలు తేదీతో తీసిపెట్టుకోండి. తర్వాత వాళ్లింట్లో కనబడే ప్రతి పాత నెర్రె మీ ఖాతాలో పడకుండా ఉంటుంది.

వాస్తు కోసం గోడ తీయించేవాళ్లూ ఉన్నారు. సిద్ధాంతి దిక్కు చూస్తాడు, పైన ఏముందో చూడడు. ఆయన చెప్పింది ఇంజినీరుకు చెప్పండి. తరచుగా నాలుగడుగుల ద్వారం కొడితే ఇద్దరికీ ఒప్పుదలయ్యే దారి దొరుకుతుంది, ఖర్చు కూడా తగ్గుతుంది.

అడుగు 5: పని నేల నుంచి మొదలు

గర్డరు కొస కింద 9 టన్నులు వస్తాయని చూశాం. ఇటుక గోడ మీద ఆ కొస తొమ్మిది అంగుళాల మేర మాత్రమే ఆనితే, అక్కడి ఇటుక మీద ఒత్తిడి భరించదగిన దానికి రెండు మూడింతలవుతుంది. ఇటుక నలిగి పొడవుతుంది. అందుకే గర్డరు కింద కాంక్రీటు దిమ్మె కావాలి. మన ఉదాహరణకు రెండడుగుల పొడవు, గోడంత వెడల్పు, అడుగు లోతు ఉంటే బరువు పరచుకుంటుంది. ఇది గట్టి ఇటుక, మంచి సిమెంటు మాలు ఉన్న గోడకు.

రాతి గోడైనా, మాలు గోరుతో గీకితే రాలిపోయే గోడైనా దిమ్మెతో ఆగకండి. కొత్త పిల్లరు, దానికి సొంత ఫుటింగ్ వేయండి. మట్టిని ఆపుతున్న బయటి గోడకు బొక్క కొట్టి గర్డరు కొస దూర్చడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. అక్కడా పిల్లరే.

చదరపు మీటరుకు పది టన్నులు మోసే నేలలో 9 టన్నులకు, ఫుటింగ్ సొంత బరువు కలిపి, మీటరు చదరం లేదా కొంచెం పైన కావాలి. నల్లరేగడి అయితే ఈ లెక్క పనికిరాదు. అది తడికి ఉబ్బి, ఎండకు ముడుచుకుంటుంది. దాన్ని దాటి గట్టి నేల తగిలేదాకా దిగాలో, మట్టి మార్చి గ్రావెల్ వేయాలో సైటులో గుంట తీసి చూసి చెప్పాలి.

గుంట తవ్వేటప్పుడు పాత గోడ పునాది అడుగు మట్టం దాటి కిందికి పోకూడదు. దాటాల్సి వస్తే ఇంజినీరు పక్కన ఉండాలి. రెండు కొసల్లో ఒకేసారి తవ్వకండి. ఒక వైపు తవ్వి, కాంక్రీటు వేసి, పూడ్చిన తర్వాతే రెండో వైపు. కాంక్రీటు పూర్తి బలానికి 28 రోజులు. ఏడు రోజులకు మూడింట రెండు వంతులు వస్తుందని లెక్క, ఇప్పుడు ఎక్కువగా దొరికే పీపీసీ (పోర్ట్‌లాండ్ పోజలానా) సిమెంటుకు ఇంకా నెమ్మది. ఏప్రిల్ ఎండల్లో గోనెసంచులు చుట్టి తడుపుతూ ఉండకపోతే ఆ బలం కూడా రాదు. నెలన్నరలో పెద్ద భాగం ఈ ఎదురుచూపే. ఈలోగా గర్డరు తెప్పించి, రెండు పూతలు ఎపాక్సీ ప్రైమర్ (తుప్పు పట్టకుండా వేసే రంగు) వేయించండి.

అడుగు 6: జాకీలు

పని మొదలయ్యే ముందు పైన ఇంట్లో బరువు తగ్గించండి. బీరువాలు, మంచాలు గోడ వరస నుంచి జరపండి. ట్యాంకు ఖాళీ చేయండి. గోడలో కరెంటు వైర్లు, నీళ్ల పైపులు ఉంటే తెగ్గొట్టి వేరే దారిలో తిప్పండి. ఆ రోజుల్లో పెద్దవాళ్లను, పిల్లలను బంధువుల ఇంటికి పంపించడం మంచిది.

గోడకు రెండు వైపులా, రెండు రెండున్నర అడుగుల దూరంలో, గోడ పొడవునా జాకీల వరస. సరుగుడు బొంగులు ఈ పనికి వద్దు, ఉక్కు జాకీలే. స్లాబ్ అడుగున చానల్ గానీ, మందపాటి చెక్క రన్నర్ గానీ పెట్టి, ఎత్తుపల్లాలు ఉన్నచోట మాలు పెట్టి అంతటా ఆనేలా చేయాలి. ఆ రన్నర్ కింద రెండున్నర మూడడుగులకు ఒక జాకీ. పూర్తిగా చాచిన జాకీ తక్కువ మోస్తుంది, సగం చాచింది ఎక్కువ మోస్తుంది, కాబట్టి ఎత్తుకు తగిన సైజు తెప్పించండి.

కింద నేల సంగతి మర్చిపోతారు. సెల్లార్ బండలు ఇసుక మీద పరిచినవైతే జాకీ పాదం కింద బండ పగిలి, జాకీ రెండంగుళాలు దిగుతుంది. జాకీల వరస పొడవునా మూడంగుళాల మందం దుంగ చెక్కలు పరిచి, వాటి మీద నిలబెట్టండి.

జాకీ బిగించడం ఆనేదాకా మాత్రమే. బలంగా తిప్పితే స్లాబ్ పైకి లేస్తుంది, పైన గచ్చు పగులుతుంది. చేత్తో తిప్పగలిగినంత తిప్పి, ఆపైన కమ్మీతో పావు తిప్పు చాలు. అన్నీ బిగించాక ఒక రాత్రి వదిలేసి, పొద్దున మళ్లీ చూడండి. ఒకటో రెండో వదులై ఉంటాయి.

పైన ఇంట్లో ఉన్న ప్రతి నెర్రె మీద అడ్డంగా పెన్సిలుతో గీత, పక్కన తేదీ. ముఖ్యమైన వాటి మీద పలుచని గాజు ముక్కను పీఓపీతో అతికించండి. గోడ కొంచెం కదిలినా గాజు పగిలి చెబుతుంది.

అడుగు 7: గర్డరు ఎక్కించడం

గోడ పైన నేరుగా స్లాబ్, దాని పైన ఇంకో గోడ ఉన్న మన ఉదాహరణలో నాకు నమ్మకమైన పద్ధతి సగం సగంగా పోవడం. తొమ్మిది అంగుళాల గోడకు ఒక వైపు నుంచి, స్లాబ్ కిందనే, నాలుగున్నర అంగుళాల లోతున చానల్ పట్టేంత గాడి కొడతారు. పొడవు దిమ్మె నుంచి దిమ్మె దాకా. ఈ సమయంలో మిగిలిన సగం గోడ పైనున్న గోడనీ, మేడ స్లాబ్‌నీ మోస్తుంది. కింది స్లాబ్ బరువు జాకీలు పంచుకుంటాయి. అందుకే జాకీలు లేకుండా గాడి మొదలుపెట్టకూడదు. గాడి కొట్టడానికి కటింగ్ మిషన్‌తో గీత కోసి, తర్వాత ఉలి, సుత్తి. పెద్ద బ్రేకర్ మిషన్ పెట్టి అదరగొడితే మిగిలిన సగం కూడా వదులవుతుంది.

మొదటి చానల్‌ను, వీపు గోడ మధ్యకు ఉండేలా, గాడిలో కూర్చోబెట్టి, దిమ్మెల మీద ఉక్కు ప్లేట్లు, చానల్ నెత్తికీ స్లాబ్‌కూ మధ్య అడుగున్నరకు ఒక జత ఉక్కు ఆప్‌లు (ఒక కొస పలచగా, ఇంకో కొస మందంగా ఉండే ముక్కలు) కొట్టండి. ఎదురెదురుగా రెండు ఆప్‌లు దూరుస్తూ సమంగా కొట్టుకుంటూ పోవాలి. ఇక్కడ చెవి పెట్టి వినండి. వదులుగా ఉన్న ఆప్ మీద సుత్తి పడితే మొద్దుగా, చప్పగా మోగుతుంది. బరువు పట్టేకొద్దీ శబ్దం సన్నబడి ఖంగుమంటుంది. తెలిసిన మేస్త్రీ ఆ మోత వినగానే సుత్తి దింపి "ఇది పట్టింది సార్" అని పక్కదానికి పోతాడు. ఇలా గోడ ఉండగానే ఆప్‌లతో గర్డరు మీదికి కొంత బరువు ఎక్కిస్తే, అది కుంగాల్సిన 5 మిల్లీమీటర్లలో చాలా భాగం ఇప్పుడే కుంగుతుంది. గోడ తీశాక పైన నెర్రెలు తగ్గుతాయి.

తర్వాత మిగిలిన సందంతా ముడుచుకోని రకం గ్రౌట్‌తో (సందులు నింపడానికి బస్తాల్లో వచ్చే సిమెంటు మిశ్రమం) నింపాలి. మామూలు సిమెంటు మాలు ఆరాక ముడుచుకుంటుంది, ఇక్కడ పనికిరాదు. గ్రౌట్ బస్తా మీద రాసిన నీళ్ల కొలత దాటొద్దు. అది గట్టిపడటానికి కంపెనీ చెప్పిన రోజులు ఆగి, అప్పుడు రెండో వైపు గాడి, రెండో చానల్, అవే ఆప్‌లు, అదే గ్రౌట్. చివర రెండు చానళ్లనూ ఆర్‌పార్ బోల్టులతో బిగించండి.

సెల్లార్‌లో గాలి ఆడదు. ఇటుక ధూళి ఊపిరితిత్తులకు చేటు, పనివాళ్లకు మాస్కులు ఇప్పించి ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టండి. కరెంటు పోయిందని జనరేటర్‌ను మాత్రం సెల్లార్‌లోకి దించొద్దు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా తెలియకుండా ప్రాణం తీస్తుంది.

అడుగు 8: గోడ దించడం

ఇక్కడికి వచ్చేసరికి గోడ పని అయిపోయినట్టే. గర్డరు కింది వరస నుంచి మొదలుపెట్టి, పైనుంచి కిందికి, వరస తర్వాత వరస చేత్తో తీయించండి. కింద బొక్క కొట్టి పడదోయడం వద్దు. రెండు కొసల్లో దిమ్మెల కింద గోడ ముక్కలు డ్రాయింగ్‌లో చెప్పినంత మిగలాలి. తీసిన ఇటుకలను, పగిలిన ముక్కలను జాకీల పక్కన కుప్ప పోయకుండా ఎప్పటికప్పుడు తట్టలతో బయటికి.

పనంతసేపూ ఒక మనిషి పైన ఇంట్లో ఉండాలి. పైన తలుపు హఠాత్తుగా పట్టేస్తే, ప్లాస్టరింగ్ అంచు నుంచి ఇసుక సన్నగా జారితే, స్లాబ్‌లో టక్కుమని శబ్దం వస్తే, గాజు ముక్క పగిలితే, కిందకు కేకేసి పని ఆపించాలి. అందరూ బయటికి వచ్చాక ఇంజినీరుకు ఫోన్. ఆయన వచ్చి చూసేదాకా ఒక్క ఇటుక కూడా కదపకూడదు. కూలి పోతుందని మేస్త్రీ టెన్షన్ పడితే ఆ పూట కూలి మీరే ఇచ్చేయండి.

అడుగు 9: జాకీలు విప్పడం, ఆపై పనులు

గోడ పోయిన సాయంత్రమే జాకీలు విప్పకండి. రెండు మూడు రోజులు చూసి, గాజు ముక్కలు బాగుంటే, మధ్య నుంచి రెండు కొసల వైపు విప్పుకుంటూ రండి. ఒక్కోదాన్ని ఒకేసారి ఊడదీయకుండా అన్నిటినీ తలా అర తిప్పు, మళ్లీ తలా అర తిప్పు వదలాలి. పూర్తిగా వదులైన జాకీలను కూడా ఒక వారం అక్కడే నిలబెట్టి ఉంచితే రాత్రి నిద్ర పడుతుంది.

నేలలో గోడ ఉన్నచోట దాని పునాది మిగులుతుంది, దాన్ని తవ్వి తీయొద్దు. పైన ఒక వరస మాత్రం తగ్గించి, తడి రాకుండా వాటర్‌ప్రూఫింగ్ మాలు వేసి, బండ పరచండి. పాత బండలకు కొత్త బండ రంగు కలవదు, దాని గురించి బాధపడకుండా అక్కడ వేరే రంగు పట్టీ వేయించుకుంటే అందంగానే ఉంటుంది.

ఉక్కు చుట్టూ చికెన్ మెష్ చుట్టి, రెండంగుళాల మందం సిమెంటు తొడుగు వేయండి. తుప్పుకు ఇది అవసరం, నిప్పుకు ఇంకా అవసరం. 600 డిగ్రీల వేడి దగ్గర ఉక్కు బలం సగానికి పడిపోతుంది, సెల్లార్‌లో మంట అంటుకుంటే అంత వేడి రావడానికి ఎంతోసేపు పట్టదు.

ఫాల్స్ సీలింగ్ మాత్రం వెంటనే వద్దు. ఒక వానాకాలం గడవనివ్వండి. సెప్టెంబరు, అక్టోబరు వానలకు మట్టి నాని బయటి గోడ మీద నెట్టుడు పెరిగినప్పుడు గర్డరు కొసలు, వదిలేసిన గోడ ముక్క, పైనున్న పెన్సిలు గీతలు ఎలా ఉన్నాయో నెలకోసారి చూసి తేదీ రాసుకోండి. నెర్రె వెంట్రుకంత ఉండి అక్కడే ఆగిపోతే పుట్టీ పెట్టి రంగు వేసేయవచ్చు. నెలనెలా పెరుగుతుంటే ఆ తేదీల కాగితం పట్టుకుని ఇంజినీరు దగ్గరికి వెళ్లండి. సీలింగ్ మూసేసి ఉంటే చూపించడానికి ఏమీ ఉండదు.